జుట్టు కుచ్చులు కుచ్చులుగా వస్తోంది, షాంపూ మానేసి కుంకుడుకాయలకి వెళ్ళిపోనా? మీరు రోజూ ఏం చేస్తారు?

నిమ్మీ_తణుకు (సోమవారం, రాత్రి 9:10)

అందరికీ నమస్తే. మాది తణుకు దగ్గర పల్లెటూరు, పెళ్ళయ్యాక హైదరాబాద్ వచ్చి నిజాంపేటలో ఉంటున్నాం. అపార్ట్‌మెంట్లో బోరు నీళ్ళు, ఎండాకాలం వస్తే ట్యాంకరు. ఊళ్ళో ఉన్నప్పుడు జడ నడుం దాకా ఉండేది, ఇప్పుడు దువ్వెన పెడితే చాలు కుచ్చు వచ్చేస్తోంది, బాత్రూంలో జాలీ దగ్గర చూస్తే భయమేస్తోంది. పైగా చుండ్రు కూడా మొదలైంది. అమ్మేమో ఆ నీళ్ళ వల్లేనే, షాంపూలు మానేసి కుంకుడుకాయలు వాడు అంటుంది, ఆఫీసులో ఫ్రెండు సల్ఫేట్ లేని షాంపూ కొనమంటుంది, అదేమో చిన్న సీసాకే బోలెడు రేటు, మా ఆయన అసలేం ఊడట్లేదు అంతా నీ ఊహ అంటారు కానీ అన్నంలో ఒక్క వెంట్రుక వచ్చిందంటే మాత్రం ఇల్లు పీకి పందిరేస్తారు. యూట్యూబ్ చూసి చూసి బుర్ర తిరిగిపోయింది, ఒకళ్ళు ఉల్లిపాయ రసం అంటారు ఇంకొకళ్ళు బియ్యం కడిగిన నీళ్ళంటారు. పొద్దున్న 8కి బయల్దేరాల్సినదాన్ని, ఉల్లిపాయ వాసనతో క్యాబ్ ఎక్కలేను కదా. నూనె ఎప్పుడు పెడతారు, వారానికి ఎన్నిసార్లు తలంటుకుంటారు, దేంతో, ఉన్నదున్నట్టు చెప్పండి ప్లీజ్.

పద్మక్క_పాలకొల్లు (సోమవారం, రాత్రి 9:42)

మీ అమ్మ చెప్పింది వినవే తల్లీ. నేను పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి కుంకుడుకాయలే. పొద్దున్నే టైం లేదంటావు, రాత్రే చేసుకోవాలి ఆ పని. పది పన్నెండు కాయలు చాలు నీ జుట్టుకి, రోకలిబండతోనో రాయితోనో ఒక్క దెబ్బ వేసి నల్ల గింజ తీసి పారెయ్, పెచ్చులు మాత్రం గిన్నెలో వేసి మరిగిన నీళ్ళు పోసి మూత పెట్టి పడుకో. పొద్దున్న చేత్తో గట్టిగా పిసికితే తేనె రంగులో రసం దిగుతుంది, పైన నురగ కడుతుంది. పల్చటి గుడ్డలో వడకట్టు, వడకట్టకపోతే పిప్పంతా తలలో ఇరుక్కుని ఆఫీసులో అందరూ చుండ్రు అనుకుంటారు. నాలుగు మందారాకులు కూడా పిసికి కలిపావంటే జిగురొచ్చి చిక్కు పడదు. ఇక కళ్ళు, గట్టిగా మూసుకో, పడిందంటే రెండు గంటలు ఎర్రగా చింతనిప్పులే. ముందు రోజు రాత్రి గోరువెచ్చని కొబ్బరినూనె మాడుకి పట్టించి మర్దనా చెయ్యి. అంతే, ఇంకేం అక్కర్లేదు.

భాస్కర్_కరీంనగర్ (సోమవారం, రాత్రి 10:05)

నీళ్ళు నీళ్ళు అంటరు గానీ మా నాయినకు బట్టతల, మా తాతకు బట్టతల, ఇద్దరూ ఊర్ల బాయి నీళ్ళతోనే తానం జేసిన్రు. నాకు 26, ముందట నెత్తి అంతా ఖాళీ అయితుంది. కుంకుడుకాయలు గూడ వాడిన, షీకాకాయ వాడిన, ఏం ఫరక్ పడలే. నా జుట్టు సంగతి గూడ ఎవరన్న చెప్పున్రి.

సుధ_డాలస్ (సోమవారం, రాత్రి 10:31)

ఇక్కడ టెక్సాస్‌లో కూడా నీళ్ళు బాగా గట్టివే, వచ్చిన కొత్తలో నా జుట్టు కొబ్బరిపీచులా అయిపోయింది. పాతిక రకాల షాంపూలు మార్చాక తెలిసింది ఏంటంటే లేబుల్ మీద ఈడీటీఏ అని ఉండే షాంపూ, అంటే నీళ్ళలో ఉప్పుల్ని పట్టుకుని కడిగేసేది, నెలకి రెండుసార్లు వాడి మిగతా రోజుల్లో మామూలు షాంపూ వాడితే సరిపోతుంది. తర్వాత కండిషనర్ తప్పనిసరి, అది మాడుకి కాదు, చెవుల కింద నుంచి కొసల దాకా మాత్రమే. మాడుకి రాస్తే జిడ్డు కారుతుంది. ఇండియన్ స్టోర్లో కుంకుడు పొడి దొరుకుతుంది కానీ నా షవర్ డ్రెయిన్ అంతా మట్టిపట్టిపోయి ప్లంబర్‌ని పిలవాల్సి వచ్చింది, అప్పట్నుంచి దండం పెట్టేశా.

శీను_నంద్యాల (మంగళవారం, పొద్దున్న 6:50)

ఏం సామీ ఇంత చర్చ. తిరపతికి పొయ్యి గుండు కొట్టిచ్చుకుంటే ఒత్తుగా వస్తాది గదా. మా ఇంట్లో అందురూ అదే చేస్తాండారు.

మూలికలనూనె_ఒరిజినల్ (మంగళవారం, పొద్దున్న 7:15)

అక్కా మా దగ్గర 21 రకాల అడవి మూలికలతో కాచిన నూనె ఉంది, 15 రోజుల్లో బట్టతల మీద కూడా జుట్టు గ్యారంటీ, ఆర్డర్ కోసం 

మోడరేటర్ (మంగళవారం, పొద్దున్న 8:02)

పై పోస్టులో ఫోన్ నంబరు తీసేశాం. ఇక్కడ అమ్మకాలు వద్దని ముందే చెప్పాం, మళ్ళీ పెడితే అకౌంట్ ఆపేస్తాం.

భాస్కర్_కరీంనగర్ (మంగళవారం, పొద్దున్న 8:10)

నంబర్ తీసేసిన్రా అన్నా, నేను రాసుకుందామనుకున్న :)

రిటైర్డ్_కెమిస్ట్రీ_మాస్టారు (మంగళవారం, పొద్దున్న 10:20)

బోరు నీళ్ళ మాట వచ్చింది కాబట్టి రెండు ముక్కలు. కాఠిన్యం అంటే నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉండటం. తాగే నీటికి మన బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం లీటరుకి 200 మిల్లీగ్రాములు, వేరే దారి లేకపోతే 600 వరకు ఒప్పుకుంటారు, లోతు బోర్లలో అది కూడా దాటే చోట్లు చాలా ఉన్నాయి. ఈ నీళ్ళతో సబ్బు రుద్దితే సబ్బు కాల్షియంతో కలిసి తెల్లటి జిగట తెట్టు కడుతుంది, బకెట్ అంచున గీతలా కనబడేది అదే. అదే తెట్టు వెంట్రుక మీద కూడా పేరుకుంటుంది, అందుకే తలకి ఒంటి సబ్బు రుద్దకూడదు. షాంపూలో ఉండేది సబ్బు కాదు కాబట్టి అంత తెట్టు రాదు. కుంకుడుకాయలో ఉండేది సపోనిన్ అనే నురగనిచ్చే పదార్థం, అది కూడా కాల్షియంతో తెట్టు కట్టదు. పల్లెల్లో ఉప్పునీటి బావుల దగ్గర కూడా కుంకుడు పనిచెయ్యడానికి కారణం అదే.

ఇంకో మాట. షవర్‌కి తగిలించే ఫిల్టర్ అని రెండు మూడు వేలకి అమ్ముతున్నారు, వాటిలో చాలామటుకు క్లోరిన్ వాసన తగ్గిస్తాయే తప్ప కాఠిన్యం తీసెయ్యవు. కాఠిన్యం పోవాలంటే రెజిన్ (కాల్షియం, మెగ్నీషియంని పట్టుకునే చిన్న పూసలు) ఉన్న సాఫ్ట్‌నర్ కావాలి, దానికి మధ్యమధ్యలో ఉప్పు పోసి కడుగుతుండాలి. అది అపార్ట్‌మెంట్ అంతా కలిసి పెట్టుకునే వ్యవహారం, అసోసియేషన్ మీటింగ్‌లో అడిగి చూడండి, లిఫ్ట్ రిపేరే తేలదు అనుకోండి అది వేరే కథ. అప్పటిదాకా తలంటు అయ్యాక ఆఖరి రెండు చెంబులు తాగే ఆర్వో ఫిల్టరు నీళ్ళు పోసుకోండి, జుట్టు మెత్తబడటం చేతికే తెలుస్తుంది.

నిమ్మీ_తణుకు (మంగళవారం, మధ్యాహ్నం 1:15)

మాస్టారూ థాంక్యూ అండి, ఆ షవర్ ఫిల్టర్ కార్ట్‌లో పెట్టి ఉంది, తీసేస్తున్నా. అయితే నీళ్ళ వల్లే ఊడుతోందన్నమాట?

డాక్టరమ్మ_బెజవాడ (మంగళవారం, రాత్రి 10:48)

నేను చర్మవ్యాధుల డాక్టర్‌ని. చూడకుండా ఇక్కడ ఎవరికీ మందు రాయను కానీ థ్రెడ్ అంతా చదివాక ఊరుకోబుద్ధి కాలేదు. నిమ్మీ గారూ, నీళ్ళా షాంపూనా అని తేల్చే ముందు ఒక పని చెయ్యండి. రేపు పొద్దున్న దువ్వుకున్నాక దువ్వెనలోంచి ఓ పదిపదిహేను వెంట్రుకలు తీసి ఒక్కొక్కటీ వేలి మీద పెట్టి కిటికీ దగ్గర వెలుతురులో చూడండి. ఒక చివర చిన్న తెల్లటి బుడిపె, ఆవగింజలో పావు వంతు కూడా ఉండదు, కనబడితే అది కుదురు నుంచి ఊడి వచ్చిన వెంట్రుక. బుడిపె లేకుండా పొట్టిపొట్టి ముక్కలుగా, కొస చీలిపోయి ఉంటే అది మధ్యలో తెగింది.

ఈ రెండూ వేరు వేరు జబ్బులు అనుకోండి. తెగడం అనేది పైనుంచి జరిగేది, గట్టి నీళ్ళు, తడి జుట్టు లాగి దువ్వడం, స్ట్రెయిట్‌నర్ వేడి, బ్లీచింగ్, రబ్బరు బ్యాండ్లు. వీటికి నూనె, కండిషనర్, కుంకుడు, మాస్టారు చెప్పిన ఆఖరి చెంబు పనికొస్తాయి. ఊడటం లోపల్నుంచి. జ్వరం, కాన్పు, ఆపరేషన్, రక్తం తక్కువ, థైరాయిడ్, తిండి మానేసి చేసే డైటింగ్, వంశంలో ఉన్న బట్టతల. దీనికి మీరు పైన ఏం పూసినా పెద్దగా ఒరిగేది ఉండదు, ఎందుకంటే చర్మం బయటికి వచ్చిన వెంట్రుకలో ప్రాణం ఉండదు, తయారయ్యేది లోపల కుదురులో. మన దగ్గర వచ్చే గొడవల్లో సగం ఇక్కడే, ఊడేదానికి తెగేదాని వైద్యం చేస్తుంటాం.

ఇంకోటి, రోజుకి 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం ఎవరికైనా మామూలే. వారానికి ఒకసారి తలంటుకునేవాళ్ళకి ఆ వారం రాలాల్సినవి చాలావరకు జడలో ఇరుక్కుని ఉండి ఆ రోజు ఒక్కసారే జాలీలో కనబడతాయి. నిజంగా ఎక్కువ ఊడుతోంది అనిపిస్తే మాత్రం ఈ వారం ఏ షాంపూ మార్చాను అని కాదు, రెండు మూడు నెలల వెనక నా ఒంటికి ఏం జరిగింది అని ఆలోచించండి.

నిమ్మీ_తణుకు (బుధవారం, పొద్దున్న 7:35)

మేడమ్ ఇప్పుడే చూశా, పన్నెండిట్లో పదింటికి బుడిపె ఉంది!! టార్చి వేసి మరీ చూశా. రెండు మూడు నెలల వెనకంటే... వినాయక చవితి వారంలో నాకు డెంగీ వచ్చింది, హాస్పిటల్లో కూడా పెట్టారు, తర్వాత నెలరోజులు సరిగ్గా తిండి సహించలేదు. దానికీ దీనికీ సంబంధం ఉంటుందని ఒక్కళ్ళు కూడా చెప్పలేదు నాకు.

డాక్టరమ్మ_బెజవాడ (బుధవారం, రాత్రి 9:20)

అదిగో, వినాయక చవితికి డెంగీ, కార్తీకంలో జుట్టు. లెక్క సరిపోయింది. దీన్ని టెలోజెన్ ఎఫ్లూవియం అంటాం. తల మీద వెంట్రుకల్లో ఏ రోజు చూసినా నూటికి 85, 90 దాకా పెరుగుతూ ఉంటాయి, మిగతావి విశ్రాంతిలో ఉంటాయి. గట్టి జ్వరం వచ్చినప్పుడు ఒంటికి జుట్టు పెంచడం ముఖ్యం కాదు కదా, పెరిగే వెంట్రుకల్లో చాలా వాటిని ఒకేసారి విశ్రాంతిలోకి తోసేస్తుంది. ఆ విశ్రాంతి రెండు మూడు నెలలు, అది అయ్యాక అన్నీ కలిసి రాలతాయి. కోవిడ్ తర్వాత ఇలాగే లైన్లు కట్టారు మా దగ్గర. కాన్పయిన మూడో నెలలో ఊడేది కూడా ఇదే, దాన్ని బిడ్డ నవ్వడం మొదలెడితే తల్లికి జుట్టు ఊడుతుంది అని ఊళ్ళల్లో అంటారు, నెలల లెక్క కుదిరింది తప్ప నవ్వుకి సంబంధం లేదు.

కుదుళ్ళు చచ్చిపోలేదు కాబట్టి మామూలుగా మూడు నుంచి ఆరు నెలల్లో ఊడటం దానంతటదే తగ్గిపోతుంది. నుదుటి దగ్గర పొట్టిపొట్టి కొత్త వెంట్రుకలు నిక్కబొడుచుకుని కనబడితే సంతోషించండి, కొబ్బరినూనె పెట్టి అణచకండి. పొడవు మాత్రం ఓపిక పట్టాలి, జుట్టు నెలకి సెంటీమీటరు చొప్పునే పెరుగుతుంది, నడుం దాకా రావాలంటే ఏళ్ళే.

దగ్గర్లో ఎవరైనా డాక్టర్‌కి చూపించి రక్తం, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పేది), థైరాయిడ్ చూపించుకోండి. ఆడవాళ్ళలో ఫెరిటిన్ తక్కువ ఉండటం చాలా మామూలు, హిమోగ్లోబిన్ బాగానే ఉన్నా అది తక్కువ ఉండొచ్చు. ఒక హెచ్చరిక, ఎవరో చెప్పారని బయోటిన్ (జుట్టుకి మంచిదని అమ్మే ఒక బి విటమిన్) గమ్మీలు తింటుంటే పరీక్షకి కొన్ని రోజుల ముందు ఆపండి, ఆపాక డాక్టర్‌కి కూడా చెప్పండి. బయోటిన్ రక్తంలో ఉంటే థైరాయిడ్ రిపోర్టు తప్పుగా రావచ్చు, గుండెపోటు కనిపెట్టే ట్రోపోనిన్ పరీక్ష కూడా తప్పొచ్చు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే దీని మీద హెచ్చరిక ఇచ్చింది. బయోటిన్ లోపం నిజంగా ఉన్నవాళ్ళు చాలా అరుదు, మిగతావాళ్ళకి అదో ఖరీదైన మిఠాయి.

పద్మక్క_పాలకొల్లు (బుధవారం, రాత్రి 9:55)

డాక్టరమ్మా మీరు చదువుకున్నవాళ్ళు కాదనను. కానీ మాడుకి నూనె పెట్టకపోతే తల ఎండిపోయే కదా చుండ్రు వచ్చేది? మా అమ్మమ్మ ఎనభై ఏళ్ళకి కూడా కొప్పు పెట్టుకునేది సవరం లేకుండా, రోజూ నూనే.

డాక్టరమ్మ_బెజవాడ (బుధవారం, రాత్రి 10:30)

పద్మ గారూ, మీ కుంకుడుకాయలతో నాకు ఏ పేచీ లేదు, ఇంట్లో నేనూ పండగలకి వాడతా. నూనె దగ్గరే చిన్న తేడా. చుండ్రు చాలామందిలో ఎండిపోవడం వల్ల రాదు, మలసేజియా అనే ఫంగస్ వల్ల వస్తుంది. అది అందరి మాడు మీదా ఉంటుంది, నూనెజిడ్డే దాని తిండి. మాడు దురదపెట్టి, పసుపుపచ్చగా జిడ్డు పొరలు వస్తుంటే అప్పుడు మాడుకి నూనె మర్దనా చేసి రాత్రంతా ఉంచడం అంటే దానికి భోజనం వడ్డించడమే. అలాంటప్పుడు మాడుకి మానేసి జుట్టు పొడవుకి మాత్రం రాసుకోండి.

పొడవుకి అయితే కొబ్బరినూనె నిజంగా మంచిదే, అది పెద్దవాళ్ళ మాట అని కాదు. 2003లో మన దేశంలోనే చేసిన ఒక పరిశోధనలో కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ మూడూ పోల్చి చూస్తే తలంటు ముందు రాసినా తర్వాత రాసినా వెంట్రుకలోంచి ప్రొటీన్ పోవడం తగ్గించింది కొబ్బరినూనె ఒక్కటే. అందులోని లారిక్ ఆమ్లం చిన్నది, తిన్నటిది కాబట్టి వెంట్రుక లోపలికి దూరుతుంది. అంటే తెగడం తగ్గుతుంది. ఊడటం తగ్గుతుందని ఆ పరిశోధన చెప్పలేదు.

నిమ్మీ గారి చుండ్రుకి మందుల షాపులో కీటోకోనజోల్ 2 శాతం షాంపూ అడగండి, వారానికి రెండుసార్లు, ఓ నాలుగు వారాలు. అందరూ చేసే పొరపాటు ఏంటంటే జుట్టుకి రుద్దేసి వెంటనే కడిగేస్తారు. అది మాడుకి పట్టించి నురగతోనే ఐదు నిమిషాలు ఉంచాలి, అప్పుడే పనిచేస్తుంది. కడుపుతో ఉన్నా, మాడు మీద పుండ్లు ఉన్నా ముందు డాక్టర్‌ని అడగండి.

సుధ_డాలస్ (బుధవారం, రాత్రి 11:10)

నూనె మాట వచ్చింది కాబట్టి, ఆముదం చిక్కగా దట్టించకండి అమ్మాయిలూ. ఆముదం, కొబ్బరినూనె కలిపి రాసి తలంటుకుంటే పొడవాటి జుట్టు మొత్తం ముద్దలా అట్టకట్టి, విడదీయలేక కత్తిరించిన కేసులు మెడికల్ జర్నల్స్‌లో కూడా వచ్చాయి. అందరికీ అవుతుందని కాదు గానీ చిక్కటి నూనె, పొడవు జుట్టు, నెత్తి మీద ముడేసి గరగరా రుద్దడం మూడూ కలిస్తే ప్రమాదం.

స్వాతి_హన్మకొండ (గురువారం, పొద్దున్న 5:40)

నైట్ డ్యూటీ అయిపోయి చదువుతున్న. నేను స్టాఫ్ నర్స్, రోజూ టోపీ కింద నెత్తి ఉడికిపోతది. నేనేం చేస్తనో చెప్త, ఎవరికన్న పనికొస్తే తీస్కోన్రి.

వారానికి రెండుసార్లు తలస్నానం, బుధవారం, ఆదివారం, ఎండకాలమైతే మూడు. స్నానానికి ముందే పొడి జుట్టుకు పెద్ద పండ్ల దువ్వెనతోని చిక్కు తీస్త, కింద కొసల నుంచి మొదలుపెట్టి పైకి, పైనుంచి గుంజితే చిక్కంత కిందికి పోయి ముడి పడ్తది. షాంపూ సీదా నెత్తిల పోసుకోను, మగ్గుల నీళ్ళల్ల కలిపి పోస్కుంట, మాడు మీదనే వేళ్ళతోని రుద్దుత, గోర్లతోని కాదు. కొసలకు వేరే రుద్దుడు అవసరం లేదు, కారిన నురగనే చాలు. టవల్‌తోని టపటప కొట్టుడు, గట్టిగ పిండుడు బంద్ చేసిన, పాత కాటన్ చున్నీ చుట్టుకుంట, నీళ్ళు దానంతటదే గుంజుకుంటది. తడిది దువ్వద్దు, తడి మీద వెంట్రుక రబ్బరు లెక్క సాగి తెగుతది. తడి జుట్టు మీద జడ వేస్కొని డ్యూటీకి పోయేదాన్ని ఇంతకుముందు, సాయంత్రానికి విప్పితే ముక్కు మూసుకోవాలె, గది కూడ ఇప్పుడు బంద్.

రాత్రి పండేటప్పుడు వదులుగ ఒక జడ. అంతే. ఒక్క నూనె, ఒక్క షాంపూ, ఒక్క కండిషనర్. ఉల్లిగడ్డ నేను కూరల ఏస్త.

భాస్కర్_కరీంనగర్ (గురువారం, పొద్దున్న 8:30)

ఉల్లిగడ్డ మాట మస్తు చెప్పినవ్ అక్కా. మరి హెల్మెట్ సంగతి? హెల్మెట్ పెడితే బట్టతల అంటరు మా దోస్తులు, అందుకే సగం మంది పెట్టరు.

స్వాతి_హన్మకొండ (గురువారం, పొద్దున్న 8:44)

హెల్మెట్ లేకుంట పడ్డోళ్ళను క్యాజువాల్టీల చూస్తున్న తమ్మీ, నెత్తి ఉంటే గదా జుట్టు. లోపల పల్చటి కాటన్ గుడ్డ కట్టుకో, దాన్ని రోజూ ఉతుకు. చెమట మీద చెమట పట్టి దురద పెడ్తది గానీ హెల్మెట్‌తోని బట్టతల రాదు.

డాక్టరమ్మ_బెజవాడ (గురువారం, రాత్రి 9:15)

స్వాతి చెప్పినదానికి చేర్చేదేం లేదు, చాలా బాగా చెప్పావమ్మా. భాస్కర్, మీది వంశపారంపర్యంగా వచ్చేది అయ్యుంటుంది, నుదుటి మీద రెండు మూలల నుంచి, నడినెత్తి నుంచి పల్చబడుతుంది. అందులో వెంట్రుక ఊడటం కంటే కూడా కుదురు చిన్నదైపోయి వచ్చే ప్రతి వెంట్రుకా సన్నబడటం అసలు సంగతి. మొదట్లోనే చూపించుకుంటే ఉన్నదాన్ని కాపాడుకోవచ్చు. మినాక్సిడిల్ అని పైన రాసే మందు ఉంది, మాత్రలు కూడా ఉన్నాయి, డాక్టర్ చూసి రాస్తారు.

భాస్కర్_కరీంనగర్ (గురువారం, రాత్రి 9:31)

మేడం మినాక్సిడిల్ మా దోస్తు మొదలుపెట్టిండు, మొదట్ల ఇంకా ఎక్కువ ఊడిందని ఇరవై రోజులకే పారేసిండు.

డాక్టరమ్మ_బెజవాడ (గురువారం, రాత్రి 9:50)

అది చాలామంది చేసేదే. మొదటి కొన్ని వారాల్లో పాత వెంట్రుకలు రాలి కొత్తవి లేస్తాయి, అది మందు పని మొదలెట్టిన గుర్తు. నాలుగు నుంచి ఆరు నెలలు వాడకుండా పనిచేసిందీ లేనిదీ చెప్పలేం. ఆపేస్తే వచ్చిన లాభం కూడా కొన్ని నెలల్లో పోతుంది, అది తెలుసుకునే మొదలుపెట్టాలి. మీ ఇష్టానికి కొనుక్కోకండి, బీపీ, గుండె సంగతి కూడా డాక్టర్ అడుగుతారు.

శీను_నంద్యాల (శుక్రవారం, పొద్దున్న 6:30)

నా గుండు సంగతి ఎవురూ మాట్లాడలేదే. పుట్టెంటికలు తీపిచ్చినాక పిల్లోళ్ళకి ఒత్తుగా రాలేదా ఏం?

రిటైర్డ్_కెమిస్ట్రీ_మాస్టారు (శుక్రవారం, పొద్దున్న 9:05)

శీనూ, మొక్కు మొక్కే. తిరుమల కల్యాణకట్టలో తలనీలాలు ఇవ్వడానికి స్వామి మీద భక్తి చాలు, ఒత్తు కోసం వేరే కారణం అక్కర్లేదు. గుండు గీసినప్పుడు కత్తి తెగ్గోసేది పైనున్న వెంట్రుకని, కుదుళ్ళ లెక్క పెరగదు తగ్గదు. పెరిగిన వెంట్రుక కొస సన్నగా ఉంటుంది, కోసిన చోట మొద్దుగా ఉంటుంది, అందుకని తడిమితే గరుగ్గా ఒత్తుగా అనిపిస్తుంది. పిల్లల సంగతంటావా, పసిబిడ్డ మెత్తటి జుట్టు ఎలాగూ రాలి గట్టిది వస్తుంది ఆ వయసులో, గుండు చేయించినా చేయించకపోయినా. ఇక మీ ఇంట్లో మగాళ్ళందరికీ ఒత్తు జుట్టు ఉందంటే మీ తాతగారికి దండం పెట్టు.

శీను_నంద్యాల (శుక్రవారం, పొద్దున్న 9:20)

సరే సార్, మొక్కు మాత్రం తీర్చల్ల. డిసెంబర్లో పోతాండాం.

లక్ష్మి_గాజువాక (శుక్రవారం, మధ్యాహ్నం 3:10)

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి, జుట్టు అని చూసి వచ్చాను. మా పాప మూడో తరగతి, స్కూల్ నుంచి పేలు తెచ్చేసింది, చెవి వెనకాల అన్నీ ఈపులే. మా అత్తగారు కిరసనాయిలు రాయమంటున్నారు. నాకేమో భయంగా ఉంది.

డాక్టరమ్మ_బెజవాడ (శుక్రవారం, రాత్రి 8:55)

కిరసనాయిలు వద్దే వద్దు లక్ష్మి గారూ, మాడు కాలుతుంది, పొరపాటున గుటక వేసినా పీల్చినా ఊపిరితిత్తులు దెబ్బతింటాయి, నిప్పు దగ్గరికెళితే ఇంకా ప్రమాదం. పెర్మెత్రిన్ 1 శాతం లోషన్ దొరుకుతుంది. మామూలు షాంపూతో కడిగి, కండిషనర్ లేకుండా, టవల్‌తో అద్ది, తడిపొడిగా ఉన్న జుట్టుకి మాడు నుంచి కొసల దాకా పట్టించి పది నిమిషాలు ఉంచి కడిగెయ్యండి. ఈపులన్నీ దానికి చావవు, పొదగడానికి వారం పైనే పడుతుంది కాబట్టి తొమ్మిదో రోజు ఇంకోసారి రాయాలి, ఆ రెండోసారి మర్చిపోయే పేలు తగ్గట్లేదు అంటారు చాలామంది. మధ్య రోజుల్లో కండిషనర్ రాసి తడి జుట్టుని పాయలు పాయలుగా తీసి పేల దువ్వెనతో దువ్వి, ప్రతిసారీ తెల్ల గుడ్డకి తుడవండి. ఇంట్లో అందరి తలలూ అదే రోజు చూడండి, అత్తగారిది కూడా. పేలు ఎగరవు, దూకవు, తలా తలా ఆనితేనే పాకుతాయి, మురికి వల్ల వచ్చేవి కాదు, పాపని తిట్టకండి.

ఇంకో మాట, స్కూల్లో రెండు జడలు మడిచి రిబ్బన్ కట్టమంటారు కదా, చెవుల పైన చర్మం లాగేసేంత బిగించకండి. ఏళ్ళ తరబడి లాగితే నుదుటి దగ్గర, కణతల దగ్గర జుట్టు వెనక్కి పోతుంది, అలా చాలాకాలం లాగాక ఆ చోట మళ్ళీ రాదు.

లక్ష్మి_గాజువాక (శుక్రవారం, రాత్రి 9:30)

చాలా థాంక్స్ మేడమ్. అత్తగారి తల చూడాలంటే ముహూర్తం పెట్టుకోవాలి :)

అనూష_పెళ్ళికూతురు (శనివారం, పొద్దున్న 11:00)

నాకు ఫిబ్రవరిలో పెళ్ళి, పార్లర్లో జుట్టు నిటారుగా, నున్నగా చేసే కెరాటిన్ చేయించుకోమంటున్నారు, ఇంకో అమ్మాయేమో నల్ల హెన్నా పెట్టుకోమంటుంది. ఏది బెటర్?

సుధ_డాలస్ (శనివారం, పొద్దున్న 11:40)

గోరింటాకు ఎప్పుడూ ఎర్రగానే పండుతుంది, నల్లగా పండిందంటే అందులో ఇంకేదో కలిపినట్టే, ఎక్కువగా పీపీడీ అనే డై. పడనివాళ్ళకి మొహం బూరెలా వాచిపోతుంది, పెళ్ళి ఫోటోల ముందు ఆ రిస్క్ ఎందుకు. ఏ రంగైనా ముందు చెవి వెనక కొంచెం రాసి రెండు రోజులు చూసుకో. కెరాటిన్, స్మూదెనింగ్ లాంటి వాటిలో చాలావాటిలో ఫార్మాల్డిహైడ్ అనే ఘాటు రసాయనం గానీ, వేడి తగిలితే అది వదిలే మందు గానీ ఉంటుంది, చేసేటప్పుడు కళ్ళు మండితే అర్థం చేసుకో. నీ జుట్టు నిటారుగా లేకపోతే పెళ్ళి ఆగుతుందా? ఎలాగూ పూలజడే కదా వేసేది.

అనూష_పెళ్ళికూతురు (శనివారం, మధ్యాహ్నం 12:15)

నిజమే, పూలజడ కింద ఏం కనబడుతుంది. ఆ డబ్బుతో ఇంకో చీర కొంటా.

నిమ్మీ_తణుకు (తర్వాతి బుధవారం, సాయంత్రం 6:20)

అప్‌డేట్. దగ్గర్లో డాక్టర్‌కి చూపించుకున్నా, థైరాయిడ్ బాగానే ఉంది, హిమోగ్లోబిన్ కూడా పర్లేదు, ఫెరిటిన్ మాత్రం 11 ఉందట. ఐరన్ మాత్రలు రాశారు. ఈవిడ కూడా డెంగీ వల్లే అన్నారు. కీటోకోనజోల్ ఐదు నిమిషాలు ఉంచడం మొదలుపెట్టా, దురద అప్పుడే తగ్గింది. మా ఆయనకి డాక్టర్ చెప్పిందంతా చెప్తే "నే చెప్పలేదూ ఏం కాదని" అన్నారు.

పద్మక్క_పాలకొల్లు (బుధవారం, సాయంత్రం 7:05)

ఆ మాత్ర వేసుకుని వెంటనే టీ తాగకే, ఒంటికి పట్టదు. కాస్త నిమ్మరసం తాగు. తోటకూర, కందిపప్పు, వారానికి నాలుగు గుడ్లు తిను, తిండి లేకుండా జుట్టు ఎక్కణ్ణుంచి వస్తుంది. చుండ్రు తగ్గాక చెప్పు, మా పెరట్లో చెట్టు కాయలు పంపిస్తా. అడ్రస్ ఇక్కడ పెట్టకు, మెసేజీలో పెట్టు.

డాక్టరమ్మ_బెజవాడ (బుధవారం, రాత్రి 9:40)

పద్మ గారూ, టీ మాట నేను రాసేలోపే రాసేశారు. పాలు, కాల్షియం మాత్రలు కూడా ఆ టైంలో వద్దు. విరేచనం నల్లగా అయితే కంగారు పడకండి, ఐరన్‌తో అది మామూలే. మూడు నెలలకి మళ్ళీ ఫెరిటిన్ చూపించుకోండి.

కిరణ్_సత్తెనపల్లి (గురువారం, పొద్దున్న 7:50)

మేడమ్ మా తమ్ముడికి గడ్డంలో ఒకటి, తల వెనక ఒకటి రూపాయి బిళ్ళంత గుండ్రంగా జుట్టు ఊడిపోయి నున్నగా అయింది. పేనుకొరుకుడు అంటున్నారు, వెల్లుల్లి రుద్దమన్నారు, రుద్దితే బొబ్బలెక్కింది. పేలు అయితే ఎక్కడా కనపడట్లేదు.

డాక్టరమ్మ_బెజవాడ (గురువారం, రాత్రి 9:10)

పేరు అలా ఉంది గానీ పేనుకీ దానికీ సంబంధం లేదు కిరణ్. మన ఒంట్లో రోగాలతో పోరాడాల్సిన కణాలే పొరపాటున వెంట్రుక కుదుళ్ళ మీద పడతాయి. ఒకటి రెండు మచ్చలు చాలామందికి వాటంతటవే నిండుతాయి, తొందరగా కావాలంటే ఆ చోట చిన్న చిన్న స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తాం, పూత మందులు కూడా ఉన్నాయి. కొత్త మచ్చలు వస్తున్నా, కనుబొమ్మలు పోతున్నా ఆలస్యం చెయ్యొద్దు. వెల్లుల్లి ఇవాళే ఆపించి, బొబ్బలు పగలగొట్టకుండా ఈ వారంలో చర్మవ్యాధుల డాక్టర్‌కి చూపించండి.